స్పానిషు ఆత్మార్థక క్రియ, దాని సంభావ్యరూపము: తెలుగు మార్గమున ఒక పరిశీలన

 ఏ గురువర్యుని స్మృత్యర్థమై ఒక కుటుంబమువారు ధర్మనిధిని నెలకొల్పగా ఈ ఉపన్యాసము ఏర్పడినదో, ఆయన ఈ భద్రాచల మన్యపు బాలురకు తెలుగు వ్యాకరణము బోధించుటయే తన జన్మకు సార్థక్యమని తలచినవారు. సూత్రమును ముందు వల్లెవేయించి లక్ష్యమును పిదప చూపు పద్ధతిని విడిచి, పిల్లవాని నోట నిత్యము పలుకు మాటనుండియే సూత్రమును పుట్టించుట ఆయన బోధనారీతి. ఆ రీతికి తగిన విషయమును నేడు చేపట్టవలెనని సంకల్పించి, చూపునకు మనకు మిక్కిలి దూరముగా తోచు ఒక ప్రకరణమును, అనగా స్పానిషు భాషలో ఆత్మార్థక క్రియను సంభావ్యరూపమున ప్రయోగించు విధానమును, మీ యెదుట వివరింపబూనితిని.

భద్రాద్రి రాముని సన్నిధిలో స్పానిషు వ్యాకరణ మేల యని ఎవరైన అడుగవచ్చును. ఖమ్మము, కొత్తగూడెము ప్రాంతములనుండి చదువులకై, కొలువులకై అమెరికా వెళ్ళి స్థిరపడిన కుటుంబములు నేడు కొల్లలు. ఆ యిండ్ల పిల్లలు అచటి పాఠశాలలలో పరభాషగా తరచు ఎన్నుకొనునది స్పానిషే. హైదరాబాదులో 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా వెలసి, 2007లో ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమను పేరు దాల్చిన విద్యాస్థానమున స్పానిషు బోధన జరుగుచున్నది. అచట చేరినవారైనను, సముద్రములు దాటి వెళ్ళినవారైనను, మన పిల్లలు ఆ భాషను నేర్చునది మాత్రము ఇంగ్లీషు వ్యాకరణపు వాకిటనుండి. ఎచట ఇంగ్లీషు దరిద్రమో, ఎచట తెలుగు సంపన్నమో, సరిగా అచటనే వారు తడబడుచున్నారు. ఆత్మార్థక ప్రకరణ మట్టి చోటులలో మొదటిది. ఈ మాట కేవలము మాతృభాషాభిమానముచేత చెప్పుచున్నది కాదని ఉదాహరణముల వలననే మీకు తెలియగలదు.

మొదట విషయస్వరూపము. స్పానిషు క్రియ నిఘంటువున 'అర్', 'ఎర్', 'ఇర్' అను మూడు తుదులలో నొకదానితో నుండును. 'లవార్' అనగా కడుగుట. క్రియాఫలము కర్తకే చెందునపుడు ఆ తుదకు 'సె' చేరి 'లవార్సె' యగును. కడుగుకొనుట యని అర్థము. వాక్యమున ప్రయోగించునపుడు ఈ 'సె' అచట నిలువక, కర్త ననుసరించి రూపము మార్చుకొని క్రియకు ముందు వచ్చి నిలుచును: నేను అన్నచో 'మె', నీవన్నచో 'తె', అతడు, ఆమె, వారు, తమరు అన్నచో 'సె', మేమన్నచో 'నొస్', మీరన్నచో స్పెయిను దేశపు వాడుకలో 'ఒస్'. ఇక సంభావ్యరూపము, అనగా 'అట్లైనచో చేయుదును', 'అవకాశమున్న చేయుదును' అను భావములను తెలుపు రూపము, కట్టుట మిక్కిలి సులభము. భవిష్యత్తు తప్ప తక్కిన కాలరూపములందు వలె తుదియక్షరములను తొలగింపక, నిఘంటువులోని క్రియను సంపూర్ణముగా నిలిపి, దానిపై 'ఈయ, ఈయస్, ఈయ, ఈయమొస్, ఈయైస్, ఈయన్' అను ప్రత్యయములను చేర్చిన చాలును. మూడు గణములకును ఇవే ప్రత్యయములు. 'లవార్సె'లోని 'సె'ను విడదీసి, 'లవార్'పై 'ఈయ' చేర్చి, ముందు 'మె' నుంచినచో 'మె లవరీయ' సిద్ధించును. వ్యతిరేకార్థమున 'నో' అనునది అన్నింటికిని ముందు వచ్చును: 'నో మె లవరీయ'. క్రమము తప్పు క్రియలు పండ్రెండింటికి మించవు. వానిలోను ప్రత్యయములు మారవు, అంగము మాత్రము కుదించుకొనును. ధరించుట యను అర్థమున 'పొనేర్సె'కు 'మె పొంద్రీయ', అగుట యను అర్థమున 'అసేర్సె'కు 'మె అరీయ' యని చెప్పుకొన్న ఈ భాగము ముగిసినట్లే.

ఒక సూక్ష్మమును మాత్రము దాటిపోరాదు. 'లవరీయ' యనునది నేను అను కర్తకును, అతడను కర్తకును సమానరూపమే. ఉత్తమ ప్రథమపురుషములకు ఏర్పడిన ఈ సందేహమును ఆత్మార్థకమున ముందున్న చిన్న సర్వనామమే తీర్చుచున్నది: 'మె లవరీయ' యన్న నేను, 'సె లవరీయ' యన్న అతడో ఆమెయో. కావున ఆ సర్వనామమును విడుచుట ఒక అలంకారమును విడుచుట వంటిది కాదు. విడిచినచో కడుగునది ఎవరో, కడుగబడునది ఏదో కూడ తెలియక పోవును.

ఇంగ్లీషు ద్వారమున వచ్చిన విద్యార్థి 'చేతులు కడుక్కుంటాను' అను మాటను స్పానిషులో చెప్పవలసి వచ్చినపుడు ఏమి చేయునో చూడుడు. ఇంగ్లీషులో 'నా చేతులను కడుగుదును' అనవలెను గనుక, 'నా' అను మాటను వెదకి తెచ్చి స్పానిషు వాక్యమున కెక్కించును, 'మె'ను మరచును. స్పానిషు పలుకు 'మె లావొ లాస్ మానోస్'. అందు 'నా' లేదు. చేతులు ఎవరివో క్రియయే చెప్పుచున్నది. తెలుగువాడు కూడ 'నా చేతులు కడుగుతాను' అనడు. 'చేతులు కడుక్కుంటాను' అనును. కర్తృసంబంధమంతయు 'కొను'లో నిమిడియున్నది. తలదువ్వుట యను పనిని తీసికొనుడు. తల్లి పిల్లకు తల దువ్వునపుడు స్పానిషున 'పెయినార్', ఆ పిల్ల పెద్దదై తనకు తాను తల దువ్వుకొనునపుడు 'పెయినార్సె'. కూతునకు పెండ్లి చేయుట 'కసార్', తాను పెండ్లి చేసికొనుట 'కసార్సె'. మేల్కొలుపుట 'దెస్పెర్తార్', మేల్కొనుట 'దెస్పెర్తార్సె'. పడుకోబెట్టుట 'అకొస్తార్', పడుకొనుట 'అకొస్తార్సె'. భద్రాచలపు బడిలో ఐదవ తరగతి చదువు బాలిక ఈ జంటలలోని తారతమ్యమును ఎవరును చెప్పకుండగనే ఎరుగును. ఏలయన ఆమె భాషలో ఆ తారతమ్యము శ్వాసవలె సహజముగ నున్నది.

ఈ సామ్యము ఇంతటితో ఆగదు. మన 'కొను' ఒక్క స్వార్థమునకే పరిమితము కాదు. ఇద్దరు పరస్పరము చేయు పనికిని అదే వచ్చును: కొట్టుకొందురు, తిట్టుకొందురు, మాట్లాడుకొందురు. స్పానిషు 'సె' కూడ అట్లే. 'సె అబ్లరీయన్' అన్న వారు తమలో తాము మాట్లాడుకొనెడివారని అర్థము. చేసినవాని ప్రసక్తి లేక తనంతట జరిగిన పనికిని 'కొను'యే: తలుపు తెరచుకొన్నది, కిటికీ మూసికొన్నది, అందుము. స్పానిషువారును తలుపు తెరచుటకు 'అబ్రీర్' అని, తలుపు తెరచుకొనుటకు 'అబ్రీర్సె' అని వాడుదురు. తనకొరకై చేసికొను పనికిని ఇదియే: 'మె కొంప్రరీయ ఊన కాస' యన్న 'ఇల్లు కొనుక్కునేవాణ్ణి' అని. ఇన్ని దిక్కులకు ప్రసరించిన ఒక చిన్న అంశము, వేల క్రోసుల దూరమున, ఏ బంధుత్వమును లేని రెండు భాషలలో ఇన్ని చోట్ల కలిసికొనుట నన్ను ఎప్పుడును ఆశ్చర్యచకితుని చేయుచుండును. మన పూర్వవ్యాకర్తలు 'కొను'ను సంస్కృతపు ఆత్మనేపదముతో సరిచూచిరి. కాని ఆత్మనేపదము సంస్కృతమున క్రమముగ ధాతునియతమై అర్థస్ఫూర్తిని కోల్పోగా, 'కొను' నేటికిని సజీవముగ నున్నది. తమిళ, కన్నడ, మలయాళములలో దీని తోబుట్టువు 'కొళ్' ఇట్టి పనినే చేయుచున్నది.

ఐనను సామ్యమును నమ్మి కన్నులు మూసికొని పోరాదు. 'చదువుకొను' అని మనమందుము గాని స్పానిషు 'ఎస్తుదియార్'కు 'సె' అక్కరలేదు. దీనికి విపర్యయముగ, 'లేచు' అను మన క్రియకు 'కొను' లేదు. స్పానిషులో అది 'లెవంతార్సె'. వెడలిపోవుట 'ఈర్సె', ఉండిపోవుట 'కెదార్సె'. ఈ రెండింటియందు 'సె' చేయు పనిని తెలుగున 'పోవు' అను అనుప్రయుక్తము చేయుచున్నది. ఇట్టివానిని పట్టికగా వ్రాసికొని కంఠస్థము చేయవలసినదే. స్పానిషున దుకాణముల గోడలపై కనబడు 'సె అబ్ల ఎస్పాన్యోల్' వంటి అకర్తృక వాక్యములకును మన 'కొను'తో సంబంధము లేదు. అచట తెలుగు మరియొక త్రోవను తొక్కును.

ఇక సంభావ్యరూపమును గూర్చి. ఇది నా ఉపన్యాసమునకు ప్రాణభూతమైన భాగము గనుక కొంత విస్తరింతును. దీనికి దృష్టాంతమును మన వరదలనుండియే తీసికొందము: గోదావరి ఇచట భద్రాచలమున నలుబదిమూడడుగులకు పెరిగినపుడు మొదటి హెచ్చరిక, నలుబదియెనిమిదికి రెండవది, యేబదిమూడింటికి మూడవది ప్రకటింతురు. 1986 ఆగస్టులో నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినది. ఈ సంఖ్యలు ఈ సభలోనివారికి నేను చెప్పనక్కరలేదు. వరదలను గూర్చి గట్టుమీది వాడలలో పెద్దవారు చెప్పుకొను మాటలను చెవియొగ్గి వినుడు. 'అప్పట్లో వానాకాలం వచ్చిందంటే సామాను సర్దుకునేవాళ్ళం' అని ఒకరందురు. 'నీళ్ళు అంత వస్తాయని ముందే తెలిస్తే సామాను సర్దుకునేవాళ్ళం' అని మరియొకరందురు. ఖమ్మము వైపువారైనచో రెండు చోట్లను 'సర్దుకునేటోళ్ళం' అందురు. మొదటి వాక్యము ఏటేట జరిగిన పనిని చెప్పుచున్నది. రెండవది ఎన్నడును జరుగని పనిని చెప్పుచున్నది. క్రియ మాత్రము అక్షరము మారలేదు. జరుగుచుండిన అలవాటును చెప్పు రూపమే, జరుగక తప్పిపోయిన దానిని చెప్పు రూపము కూడ నగుట తెలుగు క్రియలోని గంభీరమైన విశేషము.

స్పానిషు సంభావ్యరూపపు పుట్టుక కూడ ఇట్టిదే. లాటిను వ్యవహారభాషలో క్రియయొక్క నిఘంటురూపమునకు 'కలిగియుండుట' అను అర్థముగల సహాయక్రియయొక్క గతాభ్యాసరూపమును చేర్చి పలుకుట అలవాటయ్యెను. ఆ సహాయక్రియ స్పానిషున 'అబేర్'. దాని గతాభ్యాసరూపము 'అబీయ'. 'లవార్', 'అబీయ' అను రెండు మాటలు కాలక్రమమున ఒరసికొని ఒక్కటియై 'లవరీయ' యైనది. అనగా నేడు మనము ప్రత్యయమని చెప్పుకొను 'ఈయ' ఒకనాటి గతాభ్యాసక్రియయొక్క శేషము. 1492లో స్పానిషు భాషకు మొట్టమొదటి వ్యాకరణమును ప్రకటించిన ఆంతోనియొ దె నెబ్రిహ ఈ కూడికను అప్పుడే గుర్తించెను. దీనికి సాక్ష్యము మరియొకటి కలదు. ప్రాచీన స్పానిషులో ఆత్మార్థక సర్వనామము ఈ రెండు ముక్కల నడుమకు వచ్చి కూర్చుండెడిది: 'లవార్ సె ఈయ' అనునట్లు. పదునేడవ శతాబ్దము నాటికి ఆ వాడుక స్పానిషున అంతరించినను, దాని సోదరభాషయైన పోర్చుగీసున శిష్టరచనలో నేటికిని నిలిచియున్నది. ఇప్పుడు మన 'కడుగుకొనెడివాడను' అను మాటను విడదీసి చూడుడు: ముందు ధాతువు, నడుమ 'కొను', తుద అభ్యాసార్థకము, దానిపై పురుషబోధకము. పోర్చుగీసువాని గ్రంథభాషయును, ప్రాచీన కాస్తీలు వాసి పలుకుబడియును, మన గోదావరి గట్టు మాటయును ఒక్క క్రమమున నడచుచున్నవి. ఇంగ్లీషున 'వుడ్' అను సహాయక్రియయు అలవాటును, సంభావ్యతను రెండింటిని తెలుపగలదు గనుక ఆ విషయమున ఆ భాషను తక్కువచేయను. కాని ధాతువుతో ఆత్మార్థమును ఇంత గాఢముగ పెనవేసి ఒక్క మాటగా పలుకు శక్తి దానికి లేదు.

ఇచట రెండు ప్రమాదములను హెచ్చరింపవలసియున్నది. తెలుగున 'సర్దుకునేవాళ్ళం' అనునది గడచిన దానికిని, నేటి దానికిని సమానముగ చెల్లును. స్పానిషు ఈ రెండింటిని వేరుచేయును. 'ఇప్పుడు డబ్బుంటే ఇల్లు కొనుక్కునేవాణ్ణి' అన్న చోట 'మె కొంప్రరీయ' చాలును. 1986 నాటి వరదను తలచుకొని 'ముందే తెలిస్తే సర్దుకునేవాళ్ళం' అనునపుడు మాత్రము 'నొస్ అబ్రీయమొస్ ప్రెపరాదొ' అని సంయుక్తరూపమును వాడవలెను. అది మన గ్రాంథికపు 'సర్దుకొనియుందుము' అను రూపమునకు సరిపోలును. ఈ గ్రాంథికరూపమును నేటి పాఠశాలలలో పనికిరానిదని త్రోసివేయుచున్నారు. పరభాషా వ్యాకరణమునకు కొలకర్రగా నైనను దానిని నిలుపుకొనుట మేలని నా అభిప్రాయము.

రెండవ ప్రమాదము ఇంతకంటె పెద్దది. 'ఉంటే', 'వస్తే', 'తెలిస్తే' అను రూపములను మనవారు చేదర్థకము లందురు. సంభావ్యరూపమన్న పేరు వినగానే విద్యార్థి దానిని ఈ చేదర్థకముతో ముడివేసి, 'సీ' అను మాట వెనుక, అనగా 'అయినచో' అను భాగమున, 'ఈయ' రూపమును ప్రయోగించును. అది దోషము. ఆ భాగమున స్పానిషువారు మరియొక రూపమును నిలుపుదురు: 'సీ తువియెర తియెంపొ, మె కెదరీయ', 'తీరిక ఉంటే ఉండిపోయేవాణ్ణి'. తెలుగు 'ఉంటే'కు అచట 'తువియెర'. తెలుగు 'ఉండిపోయేవాణ్ణి'కి 'మె కెదరీయ'. ఉత్తర స్పెయినున బాస్కు సీమయందును దాని పరిసరములందును జనులు మొదటి భాగమునను 'ఈయ' రూపమునే పలుకుదురు; ఐనను శిష్టవ్యవహారము దాని నంగీకరింపదు. తెలుగు వాక్యమును ఎదుట నుంచుకొన్నవానికి ఈ పొరపాటు రానేరదు. ఏలయన తెలుగున చేదర్థకము అసమాపకము, సంభావ్యము సమాపకము, రెండింటి స్వరూపములును పొసగవు. ఇంగ్లీషు దారిన వచ్చినవానికి ఈ భేదమును వేరుగా నేర్పవలెను.

పరోక్షకథనమున మాత్రము మన దారియు వారి దారియు విడిపోవును. 'పెందలాడే లేస్తానన్నాడు' అని మనము వక్త మాటను ఉన్నదున్నట్లు నిలుపుదుము. స్పానిషు దానిని గతకాలపు దృష్టితో తిప్పి, 'దీహొ కె సె లెవంతరీయ తెంప్రానొ' యనును. అచట సంభావ్యరూపము నాటికి రాబోవు పనిని తెలుపుచున్నదే గాని జరుగని పనిని తెలుపుట లేదు. అట్లే 'మె గుస్తరీయ' అను మాటలో 'మె' ఉన్నది గదా యని దానిని ఆత్మార్థకమని భ్రమింపరాదు. అది మన 'నాకు ఇష్టము' అను వాక్యములోని 'నాకు', చతుర్థి. 'మె గుస్తరీయ లెవంతార్మె తెంప్రానొ' అన్నచో మొదటి 'మె' నాకు, రెండవ 'మె' ఆత్మార్థకము. ఇష్టపడువానిని కర్తగా నిలుపక 'నాకు' అని దూరముగ నిలుపు ఈ పద్ధతిలో కూడ తెలుగు, స్పానిషులు ఒకే పక్షము.

శక్త్యర్థకముతో కూడినపుడు స్పానిషు రెండు మార్గములను ఇచ్చును: 'మె పొద్రీయ లవార్' అనవచ్చును, 'పొద్రీయ లవార్మె' యనవచ్చును. 'కడుగుకొనగలను' అనునపుడు మన 'కొను' ప్రధానధాతువునే అంటిపెట్టుకొని యుండును గనుక మన విద్యార్థులకు రెండవ మార్గమే నోటికి సులువుగ వచ్చును, దానినే అలవరచుకొనుడు.

ఇంతవరకు చెప్పినదంతయు తెలుగు మాతృభాషగా గలవాని పక్షమున చెప్పితిని. ఈ సభ జరుగుచున్న నేల తెలుగువారిది మాత్రమే కాదు. నారు అనగా ఊరు, లోను అనగా ఇల్లు, ఏరు అనగా నీరు అని పలుకు కోయ బాలురు దుమ్ముగూడెము, చర్ల, వెంకటాపురము బడులలో తెలుగును పరభాషగానే నేర్చుచున్నారు. భద్రాచలము, నూగూరు తాలూకాలు 1959లో ఖమ్మము జిల్లాలో చేరకముందే, ఈ తావుల భాషను గూర్చి పరదేశీయులు వ్రాసిరి. దుమ్ముగూడెమున నివసించిన జాన్ కెయిన్ 1876 మొదలు 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో ఈ తాలూకాల జనులను గూర్చి వ్యాసములు ప్రకటించెను. 1906లో వెలువడిన భారత భాషా సర్వేక్షణము నాల్గవ సంపుటమున స్టెన్ కోనో కోయను గోండి భాషాభేదముగ వర్ణించెను. గోదావరి ఒడ్డు గొమ్ము కోయల భాషకు స్టీఫెన్ టైలర్ వ్రాసిన వ్యాకరణము 1969లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారి పక్షమున అచ్చయ్యెను. తెలుగు, కోయ, గోండి, కువి భాషలు దక్షిణ మధ్య ద్రావిడమను ఒక్క శాఖకు చెందినవని భద్రిరాజు కృష్ణమూర్తిగారు స్థాపించిరి. ఇంత బంధుత్వముండియు, కోయ పిల్లవానికి తెలుగు క్రియను కోయ క్రియద్వారా బోధించు పుస్తకము అతని బడిసంచిలో కనబడుట లేదు. పర్లాకిమిడి మన్యమున గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషను సవరల నోటనే నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలయించిరి. ఆ పరిశ్రమకు సాటియైనది ఈ గట్టున మన తెలుగు పండితులు ఇంకను చేయవలసియున్నది.

నా విన్నపము రెండు విధములు. స్పానిషు వ్యాకరణమును ఇంగ్లీషును నడుమ నుంచక, 'కొను'నుండియు, 'సర్దుకునేవాళ్ళం'నుండియు ఆరంభించి, తెలుగున వ్రాయువారు ముందుకు రావలెను. అది నూరు పుటల పుస్తకమైనను చాలును. ఈ ధర్మనిధినుండి అందుకొక భాగమును కేటాయింపుడని కుటుంబమువారిని ప్రార్థించుచున్నాను. అంతకు ముందుగ, ఈ సభలోనున్న ఉపాధ్యాయులలో కోయ తెలిసినవారు, తమ తరగతి బాలురు తెలుగు 'కొను'ను తమ భాషలో ఏ రూపముతో పలుకుచున్నారో, 'అయితే' అను భావమును ఎట్లు చెప్పుచున్నారో, విన్నది విన్నట్లు ఒక నోటుపుస్తకమున వ్రాసి, వచ్చు సంవత్సరపు సభకు తీసికొనిరావలెనని కోరుచున్నాను. స్పానిషు వ్యాకరణము కొంత ఆలస్యమైనను ఫరవాలేదు. ఈ పని ఆలస్యము కారాదు.